దగ్గు మిరాశీ

దఫ్తరం విప్పితే ముందు చెదపురుగులు వచ్చాయి,
తరవాత మట్టి, ఆ తరవాతే దేవుడు.
శ్రీకాకుళం దేవాదాయ కార్యాలయం,
మూడో బీరువా, అడుగు అర.
నకలు రాయమన్నారు. రాస్తున్నాను.

ఫసలీ పన్నెండువందల తొంభై ఒకటి.
జోగిపంతులవలస కేశవస్వామి వారి సన్నిధి జమాఖర్చు.
కరణం డబ్బీరు మృత్యుంజయం చేవ్రాలు.
తలకట్టుల్లేని అక్షరాలు పరుగెడుతున్నాయి,
చీకటి పడేలోగా ఏరు దాటాల్సిన మనిషిలా.

అర్చకం నీలాచలం గారికి రోజుకి మూడు మానికల బియ్యం.
దివిటీకి సోలెడు ఆముదం.
పూలదండల దాసరికి అడ్డెడు వడ్లు.
మేళం వాళ్లకి మెట్టు ఎకరా నలభై సెంట్లు,
అందులో ముప్పై సెంట్లు వంశధార కోసుకుపోయిందని
పక్కన ఎర్ర సిరా.
చాకలికి, కుమ్మరికి, పల్లకీ బోయీలకి
పండిన ఏడు కొలిచిందీ, ఎండిన ఏడు బాకీ రాసిందీ.

ఆ కింద ఈ వరస:
ముషిణి సిమ్మయ్యకు, తెల్లవారుజామున దగ్గినందుకు,
నెలకు కుంచెడు చోళ్లు.

రెండుసార్లు చదివాను. భూతద్దం తెచ్చుకుని మూడోసారి.
దగ్గినందుకే.

శనివారం సాయంత్రం నరసన్నపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని వెళ్లాను.
నీలాచలం గారి మునిమనవడు కూర్మనాథం
సైకిలుకి స్టాండు వేసి నవ్వాడు.
"ఉన్నపళాన తలుపు తీస్తే స్వామి ఉలిక్కిపడతాడని మావాళ్ల భయమండి.
తట్టకూడదు, పేరెట్టి పిలవకూడదు.
బయట మనిషి అలికిడి ఉందని తెలియాలి, అంతే.
అదిగో, గోడకి అవతల నిలబడి సిమ్మయ్య దగ్గేవాడు.
అది వినపడ్డాకే మా ముత్తాత తాళం తిప్పేవాడు."

గోడ దాటనివ్వని మనిషి దగ్గు
అందరికన్నా ముందు గర్భగుడిలోకి వెళ్లేది.
ఈ మాట ఆయన అనలేదు.
నేనూ అనలేదు.

గరువు మీద జీడిగింజలు ఏరుతోంది ముషిణి సూరమ్మ.
నడుం ఎత్తకుండానే చెప్పింది.
"మా తాత తండ్రి ఆడు. రోజూ దగ్గు రమ్మంటే వొచ్చీస్తాదేటి బావూ?
ఎండుమిరపకాయ కొరికీవోడంట.
ఆకరికి నిజం దగ్గే అట్టుకుంది. అదే అట్టుకుపోయింది.
అయినా ఆ నెల చోళ్లు నిండా కొలిచినారంట.
దరమ పెబువులు!"

నా సంచీలో నకలు ఉంది.
తరవాతి పుటలో ఉంది:
సిమ్మయ్య గతించినందున పదకొండు రోజులకే కొలత,
మిగతా చోళ్లు సన్నిధికి జమ.
సంచీ జిప్పు లాగి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాను.

రాత్రి అక్కడే, కూర్మనాథం గారి అరుగు మీద పడుకున్నాను.
ఉప్పుగాలి. నాలుగున్నరకి లేచి ఆయన వెనకే నడిచాను.
తాళంచెవి పెట్టాడు, తిప్పలేదు.
గోడ అవతలికి చూస్తూ నిలబడ్డాడు, అలవాటుగా,
అక్కడ ఇప్పుడు కొబ్బరి మట్టలూ, ఎవరిదో పాత పడవా తప్ప ఏమీ లేవు.
"మా నాన్నా ఇలాగే ఆగేవాడండి. ఎందుకో చెప్పలేదు.
ఆ చోళ్లు ఆగిపోయినా, మాకీ ఆగడం మాత్రం ఆగలేదు."
ఎంతసేపు ఆగాలి?
"ఎవరి లెక్క వాళ్లదేనండి. నేను ఇరవై అంకెలు లెక్కపెడతాను."

పదమూడో పద్నాలుగో అయ్యుంటుంది.
ఉప్పుగాలికి నా గొంతులో గరగర మొదలైంది.
ఆపుకున్నాను. సర్కారు జీతగాణ్ణి,
ఈ కొలువు నాది కాదు.

సోమవారం కంప్యూటర్లో గళ్లు నింపాను.
సేవ స్వభావం అనే గడి నొక్కితే నాలుగే జారాయి:
అర్చకత్వం, వాద్యం, పరిచారకం, ఇతరములు.
ఇతరములు నొక్కాను.
పక్క టేబులు వాడు తలెత్తి చూశాడు,
"ఏంటి గురూ, పొద్దుట్నుంచీ ఆ దగ్గు?"